నా చేతిలో చెడిన తంబురా

తంబురా చెడగొట్టినవాడు మా బామ్మర్ది కొండప్ప. నేను కాదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఊళ్ళో ఎవరినడిగినా నా పేరే చెబుతారు. చెప్పనీ. పైపల్లి జనం కళ్ళతో చూసింది ఏనాడూ నమ్మలేదు, కొండప్ప నోటితో చెప్పింది నమ్మారు. అందుకే వాణ్ణి జాతర కమిటీకి పెద్దను చేశారు.

పైపల్లి కొండమీది ఊరు. రాయదుర్గం నుంచి వచ్చే బస్సు కొండ కిందనే ఆగిపోతుంది. అక్కడినుంచి యేసన్న ఆటో ఎక్కాలి, లేదా నడవాలి. మే నెలలో కింద బండలు కాలిపోతుంటే, పైన సాయంత్రానికి పంచె ఎగిరిపోయేంత గాలి. ఆ గాలి కోసం ఒక కంపెనీవాళ్ళు గుట్టలమీద గాలిమరలు పాతారు. అదే గాలి కోసం బళ్ళారి అయ్యవారు కొండెక్కాడు. కంపెనీవాళ్ళు కరెంటు కిందికి తీసుకుపోయారు. అయ్యవారు సంగీతం ఇక్కడ వదిలిపోయాడు.

అయ్యవారంటే బళ్ళారిలో పాట నేర్పే పెద్దాయన. గాలి మారితే మంచిదని డాక్టరు చెప్పాడట. ఒక ఎండాకాలం మా చెన్నరాయస్వామి గుడి ముందర బండమీద కూర్చుని పాడాడు. మరుసటి ఎండాకాలం శిష్యుల్ని తెచ్చాడు. ఆపైన వయొలిన్లు వచ్చాయి, మృదంగాలు వచ్చాయి, మైసూరువాళ్ళు, బెంగుళూరువాళ్ళు వచ్చారు. ఇప్పుడు ప్రతి వైశాఖంలో వారంపాటు సాయంత్రాలు కచేరీలు. బ్యానరుమీద వేసవి సంగీతోత్సవం అని ఉంటుంది. మావాళ్ళు పాటల జాతర అంటారు. కింది ఊళ్ళవాళ్ళు పాటకు కొంత, గాలికి ఎక్కువ వస్తారు. సగంమంది మొదటి కీర్తనకే నిద్రపోతారు. అయ్యవారికి దానిమీద కోపం లేదు. నిద్రపట్టించడం తక్కువ విద్యేం కాదనేవాడు.

కొండమీద లాడ్జీ లేదు. వచ్చినవాళ్ళకు ఇళ్ళల్లోనే విడిది. అయ్యవారి విడిది మా ఇల్లు.

ఒక ఏడు తంబురా మీటే శిష్యుడికి కడుపునొప్పి వచ్చింది. మా ఇంటి మామిడికాయ పప్పు కనికరం లేకుండా తిన్నాడు. సాయంత్రం కచేరీ ఎట్లా అని అయ్యవారు అరుగుమీద దిగులుగా కూర్చున్నాడు. నా భార్య బయమ్మ ఆ పక్కనే వేరుశెనగ విత్తనాలు చెరుగుతోంది. ఆయన ఆమె చేటవైపే చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఎప్పుడూ ఇట్లే చెరుగుతావా?"

"ఇంకెట్ల చెరగాల సామీ?"

"ఇంతసేపు మీ ఆయన్ని తిడుతూనే ఉన్నావు. చెయ్యి తొందరపడలేదు, నిదానించలేదు. సాయంత్రం నా వెనక కూర్చో."

"నాకు పాటలు రావు సామీ."

"పాట నేను చూసుకుంటాను. నువ్వు చెరుగు."

ఆ సాయంత్రం బయమ్మ కొత్త చీర కట్టుకుని ఆయన వెనక కూర్చుంది. నాలుగు తీగలు ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి. ఆపైన ప్రతి జాతరకూ ఆమెనే కూర్చోబెట్టారు. ఆమెకు రాగాల పేర్లు తెలియవు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. అక్కడ కూర్చుంటే ఎట్లుంటుందని ఒకసారి అడిగాను.

"ఆయప్ప ఇల్లు కడ్తాంటాడు. నేను ఎనక గోడ పడిపోకుండా పట్టుకోనుంటా" అంది.

నేను నవ్వాను. ఆ పూట నా అన్నం నేనే పెట్టుకోవలసి వచ్చింది.

అయ్యవారు కాలం చేసేముందు తంబురా ఊరికిచ్చాడు. ఊరిదే, కానీ బయమ్మ ఇంట్లో ఉండాలన్నాడు. అట్లాగే ఉంది. ఏడాదంతా మా నడింట్లో గుడ్డ గలీబు తొడుక్కుని గోడకు ఆనుకుని ఉండేది. సందేళ బయమ్మ దాని ముందర దీపం పెట్టేది. పెద్ద సొరబుర్రతో చేసిన తంబురా అది. బుర్ర మంచినీళ్ళ కడవంత ఉంటుంది. చీకట్లో చూస్తే ఎవరో ముసుగేసుకుని కూర్చున్నట్టు ఉండేది.

బయమ్మ పోయి రెండేళ్ళయింది. చెప్పడానికేమీ లేదు. పొద్దున ఉంది, మధ్యాహ్నానికి లేదు. దినాలు కాగానే కమిటీ మా ఇంటికొచ్చింది. ముందర కొండప్ప. వాడు బయమ్మకు సొంత తమ్ముడు.

"బావా, ఆడదిక్కు లేని ఇంట్లో తంబురా ఉండగూడదంటాండారు. దీపం ఎవరు పెడ్తారు?"

"నా దగ్గర అగ్గిపెట్టె ఉండాది."

"అట్ల కాదు బావా. మగోడు దీపం పెడితే..."

"పెడితే ఏమైతాది? వెలగదా?"

వచ్చినవాళ్ళు నవ్వారు. నవ్వి, తంబురా ఎత్తుకుపోయి కొండప్ప ఇంట్లో పెట్టారు. ఆ రోజునుంచి నేను వాడితో మాట్లాడలేదు. వాడు ఎదురొస్తే గొర్రెలవైపు చూసేవాణ్ణి. గొర్రెలు లేకపోతే గాలిమరలవైపు చూసేవాణ్ణి.

పోయినేడు జాతరలో దాన్ని మీటేవాళ్ళు లేరు. అయ్యవారి శిష్యురాలు రేఖ బెంగుళూరులో ఉంటుంది. ఇప్పుడు జాతర ఆమె చేతులమీదే నడుస్తోంది. ఆమె ఫోనులో శ్రుతి పెట్టుకుని పాడింది. తంబురాకు దండ వేసి వెనక కుర్చీలో నిలబెట్టారు, పోయినవాళ్ళ ఫోటోకు వేసినట్టు. నేను లేచి ఇంటికొచ్చేశాను.

నాకు కావలసింది ఒక్కటే. తంబురా మా ఇంటికి రావాలి. దానికోసం కమిటీ కూర్చున్నప్పుడల్లా పోయాను. ఎమ్మెల్యే మనిషికి కూడా చెప్పుకున్నాను. అతను అంతా విని, తంబురా అంటే ఏ సర్వే నెంబరులో ఉందని అడిగాడు.

ఈ ఏడు జాతర రెండు రోజుల్లో ఉందనగా కొండప్ప మా ఇంటికొచ్చాడు. చేతిలో చల్లని సోడాలు.

"ఎట్లుండావు బావా?"

నేను గాలిమరలవైపు చూశాను.

"నీ కోపం నాకు తెలుసు. నాకూ నిద్రపట్టడం లేదు బావా. అక్క కల్లోకొచ్చింది."

"ఏమనె?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. రెండేళ్ళుగా దాచుకున్న మౌనం ఒక్క మాటకు పోయింది.

"ఒరే తమ్ముడూ, తంబురా మీ బావకిచ్చేయ్ అనె."

బయమ్మ వాణ్ణి ఏనాడూ తమ్ముడూ అని పిలవలేదు. ఒరే ఎద్దూ అనేది. అయినా నమ్మాను. నాకు కావలసిన మాట అది.

"కమిటీ ఏమంటాది?"

"కమిటీ అంటే నేనే గదా బావా. ఇప్పుడే వచ్చి ఎత్తకపో. రేఖమ్మ వచ్చేసరికి నీ ఇంట్లో ఉండనీ."

"దీపం ఎవరు పెడ్తారంటివి?"

"అగ్గిపెట్టె ఉండాదంటివి గదా."

నాకు నవ్వొచ్చింది. వాడి ముందర నవ్వలేదు. సోడా కూడా తాగలేదు.

కొండప్ప నడింట్లో నీళ్ళ కడవల పక్కన గలీబులో ఉంది తంబురా. వాడి భార్య మహేశ్వరి ఇంట్లో లేదు, గుడి దగ్గర ముగ్గులకు పోయింది. గలీబు మూతికి కట్టిన తాడు చూశాను. బోరులో మోటారు దింపేటప్పుడు వేసే ముడి. ఆ ముడి కొండప్పది. అప్పుడు దాన్ని గురించి ఆలోచించలేదు.

"విప్పి చూస్తా" అన్నాను.

"ఈడ యాల బావా, దుమ్ము. గాలి చూడు ఎట్ల కొడ్తాండాదో. ఇంటికి పోయి నిదానంగా చూసుకో."

గాలి నిజంగానే కొడుతోంది. మా కొండమీద ఎప్పుడు కొట్టదు?

మా ఇల్లు అక్కడికి ఒక సందు అవతల. నేను ఆ సందులో పోలేదు. యేసన్నను పిలిచి ఆటో తెమ్మన్నాను. తంబురాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాని మెడ ఆటో బయటికి చాచుకుంది.

"ఏమన్నా, పెండ్లికూతురినా తోలకపోతాండేది?" అన్నాడు యేసన్న.

"మాట్లాడకుండా తోలు. చర్చి మీదుగా పో."

"చర్చి మీదుగా పోతే మీ ఇల్లు రాదన్నా."

"నాకు తెలుసు."

"హారన్ కొట్టల్లా?"

"కొట్టు."

కొట్టాడు. జనం వాకిళ్ళలోకి వచ్చారు. నల్లమ్మ అరుగుమీద వక్కలు దంచుకుంటోంది. మా ఊళ్ళో అందరికన్నా పెద్దది ఆమె. కట్టుబాట్ల విషయంలో ఆమె చెప్పిందే మాట.

"ఏం పుల్లన్నా, వచ్చెనా నీ తంబురా?"

"వచ్చెవ్వా."

"జాగర్తప్పా. ఆటో ఎగిరెగిరి పడ్తాండాది."

"నా ఒళ్ళో ఉండాది. నా చేతుల్లోనే ఉండాది" అన్నాను గట్టిగా, వీధంతా వినిపించేట్టు.

వీధంతా విన్నది.

ఇంటికి వచ్చి, తలుపు వేసి, గలీబు విప్పాను. ముందు వాసన కొట్టింది. నానిన గోనెపట్ట వాసన. బుర్రమీద వేలు పెడితే వేలు దిగింది, మాగిపోయిన కర్బూజాలో దిగినట్టు. బుర్రను కొయ్యకు అతికించిన చోట జిగురు కరిగి విడిపోయింది. పైన పలక అప్పడంలా లేచింది. తీగలు నాలుగూ వేలాడుతున్నాయి. బుర్ర చుట్టూ గోనెనార అతుక్కుని ఉంది.

లేచి కొండప్ప ఇంటికి పోయాను. ఈసారి సందులోనే పోయాను.

"ఏమైంది బావా?" అన్నాడు కొండప్ప, నా మొహం చూడకముందే.

"నీ కల్లోకి మీ అక్క వచ్చింది నిజమేనా?"

"నిజమే బావా."

"వస్తే చెప్పుతో కొట్టింటుంది."

మాట పెరిగింది. తానిచ్చినప్పుడు నిక్షేపంగా ఉందన్నాడు వాడు. దొంగవన్నాను నేను. పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. జాతరకు అలంకరించే పిల్లలు నిచ్చెన దిగి వచ్చారు. అందరూ మా ఇంటికి పోయి తంబురా చూశారు. చూసినవాళ్ళంతా అయ్యో అన్నారు. అయ్యో అని, నావైపు చూశారు.

మరుసటి పొద్దున గుడి ముందర బండమీద పంచాయితీ కూర్చుంది. షామియానావాళ్ళు ఒకపక్క గుంజలు పాతుతూనే ఉన్నారు. రేఖ అప్పుడే ఆటో దిగింది. ఆమె బ్యాగు కింద పెట్టకముందే సంగతి చెప్పేశారు. తంబురాను చాపమీద పడుకోబెట్టాను. రేఖ ఒంగి బుర్రను తట్టి చూసింది. మహేశ్వరి పక్కన పోయి కూర్చుంది.

కొండప్ప లేచాడు.

"నేనిచ్చినప్పుడు బాగున్నింది. ఈయప్ప ఆటోలో పెట్టుకుని ఊరంతా తిప్పినాడు. నా చేతుల్లోనే ఉండాది అని నల్లవ్వతో చెప్పినాడు. ఔనా కాదా అవ్వా?"

"ఔను, చెప్పినాడు" అంది నల్లమ్మ.

"ఆ గుంతల్లో ఎగిరెగిరి పడి..."

"నా ఆటో మెల్లగానే పోయె" అన్నాడు యేసన్న.

"నీ ఆటోలో కూసుంటే మనిషికే కీళ్ళు ఊడ్తాయి, తంబురా ఒక లెక్కనా" అన్నారెవరో. అందరూ నవ్వారు. యేసన్న కూడా నవ్వాడు. నాకున్న ఒక్క సాక్షి అట్లా పోయాడు.

నేను లేచాను. "ఎగిరిపడితే పగుల్తాది. మెత్తబడ్తాదా? ఈ బుర్ర నానింది. గోనెనార అంటుకోనుండాది, వచ్చి చూడండి. ఇది కొండప్ప ఇంట్లోనే చెడింది."

అప్పుడు మహేశ్వరి లేచింది. కొంగు నడుముకు దోపుకుంది.

"ఏమన్నా, నామింద పెడ్తాండావా? ఇన్ని దినాలు నేనెట్ల చూసుకున్నానో ఊరికి చెప్తా విను. పోయినేడు ఎండకు మా నడింటి తలుపే పగిలింది. దీని బుర్ర పగలకుండా కడవకు చుట్టినట్టు తడిగోనె చుట్టినా. పొద్దున, మధ్యాన్నం, మాపు తడిపినా. మాకు తాగేదానికి లేని నీళ్ళు దీనికి పోసినా. ఒక్కపూట ఆరనిచ్చింటే నన్నడగండి. జాతరొస్తాండాదని మొన్ననే గోనె విప్పి గలీబు తొడిగినా. అట్లాంటిదాన్ని ఎత్తకపోయి, ఎండలో తిప్పి, చుక్క నీళ్ళు చల్లకుండా పాడుచేసి, మళ్ళా నన్నంటాండాడు."

నేను గెలిచాననుకున్నాను. ఇంతకంటే ఏ సాక్ష్యం కావాలి?

"పాపం, ఎంత చూసుకుందో" అంది ఒకామె.

"ఈ నీళ్ళ కరువులో."

"మా కడవకే మేము రెండో పూట తడపం."

"బయమ్మ కూడా ఇంత చేసిండదు."

నల్లమ్మ తల ఊపి నావైపు తిరిగింది. "నువ్వు తడిపినావా పుల్లన్నా?"

"లేదు."

"చూడండి మరి" అంది నల్లమ్మ. అందరూ చూశారు. తీర్పు అయిపోయింది.

రేఖ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని మహేశ్వరి ఆమె వీపు నిమిరింది. రేఖ నవ్వు ఆపుకోలేక చస్తోందని నాకొక్కడికే కనిపించింది.

నల్లమ్మ వక్క నోట్లో వేసుకుని కట్టుబాటు చెప్పింది. అది మాకు తాతలనాటిది. ఊరి గంగాళాలు, జంపఖానాలు, పెండ్లి పందిరి కొయ్యలు అందరూ వాడుకుంటారు. ఊరి సామాను ఎవరి దగ్గర చెడితే చెడిన సామాను వాళ్ళదే. ఊరు దాన్ని మళ్ళీ ముట్టదు, వెనక్కి తెచ్చుకోదు. చెడగొట్టినవాడు ఊరికి ఒక చాకిరీ చేసి చెల్లు వేసుకోవాలి. ఇందులో గుడివాళ్ళు, చర్చివాళ్ళు అనే తేడా లేదు. యేసన్న కొడుకు పెండ్లిలో పగిలిన గంగాళం ఈరోజుకూ యేసన్న ఇంట్లోనే ఉంది. దాంట్లో బర్రెలు కుడితి తాగుతాయి.

"నీ చేతిలో చెడింది కాబట్టి తంబురా ఇంక నీదే పుల్లన్నా. ఊరికి దానిమీద మాట లేదు. జాతర అయ్యేదాకా విడిది ఇండ్లకు నీళ్ళు నువ్వే మొయ్యాల" అంది.

రేఖ మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"అవ్వా, నేనొక మాట చెప్పాలి. ఈ బుర్ర ఎందుకు చెడిందో నాకు తెలుసు. పుల్లన్న వల్ల కాదు."

"చెప్పమ్మా. నీకు తెలియంది ఏముండాది. అయితే చెడింది కొండప్ప ఇంట్లో అని తేలితే ఇది కొండప్పదైతాది. పుల్లన్న తెచ్చి వాళ్ళింట్లో పెట్టాల. చాకిరీ కొండప్ప చేస్తాడు. ఎవరికైనా కట్టుబాటు ఒకటే."

రేఖ నావైపు చూసింది. చెప్పమంటావా అన్నట్టు కళ్ళెగరేసింది. ఊరంతా ఆమె నోటివైపు చూస్తోంది. ఆమె చెబితే నమ్ముతారు. కొండప్ప తలదించుకుంటాడు, వారమంతా బిందెలు మోస్తాడు. అది చూడాలని నాకు రెండేళ్ళుగా ఉంది. అది చూస్తూ, తంబురాను నా చేతులతో ఎత్తుకుపోయి వాడి నీళ్ళ కడవల పక్కన పెట్టి రావాలి.

"రేఖమ్మా, నువ్వు కూసో" అన్నాను. "ఆటోలో నా ఒళ్ళోనే చెడింది. నేనే చెడగొట్టినా."

కొండప్ప ఇంకా చాలా మాటలు కూడబెట్టుకుని వచ్చాడు. వాటినేం చేయాలో తెలియలేదు.

"నేను చెప్పలేదా?" అంది మహేశ్వరి.

తంబురాను చాపతో సహా ఎత్తుకున్నాను. ఈసారి ఆటో పిలవలేదు.

జాతర వారమంతా నీళ్ళు మోశాను. ట్యాంకరు కొండమలుపు దగ్గర ఆగుతుంది, అక్కడినుంచి బిందె భుజాన. వయొలిన్ ఆయన స్నానానికి మా గొర్రెలమందకు సరిపోయే నీళ్ళు వాడతాడు. మృదంగం ఆయన చాలా మంచివాడు, స్నానం తక్కువ. సాయంత్రం గాలి లేచేసరికి పని అయిపోయేది. బండ చివర కూర్చుని విన్నాను. రేఖ ఫోనుతోనే పాడింది. బాగా పాడింది. పక్కన యేసన్న ఎప్పట్లాగే మొదటి కీర్తనకే నిద్రపోయాడు. గాలిమరలు వాటిపాటికి అవి తిరిగాయి.

ఒక మధ్యాహ్నం రేఖ మా ఇంటికొచ్చింది. మజ్జిగ ఇచ్చాను. నడింట్లో తంబురా ముందర కూర్చుని బుర్రమీద చెయ్యి పెట్టింది. ఎండకు ఆరి బుర్ర గట్టిపడింది, కానీ సొట్టలు పడింది.

"చెప్పనిచ్చి ఉంటే నీమీద మాట పోయేది పుల్లన్నా."

"తంబురా కూడా పోతుండె."

"బళ్ళారిలో బాగుచేసేవాళ్ళున్నారు. కొత్త బుర్ర వేస్తారు. నేను పంపిస్తాను, మళ్ళీ పలుకుతుంది."

"పలికితే చెడిన సామాను కాదంటారు. మళ్ళా ఊరిదైతాది."

రేఖ నన్ను చూసింది, తంబురాను చూసింది. పంచాయితీలో ఆపుకున్న నవ్వంతా అప్పుడు నవ్వింది. మజ్జిగ చీరమీద పడింది. మొహం తుడుచుకుంటూ, "బయక్క ఉంటే నిన్నేమనేదో" అంది.

ఏమనేదో నాకు తెలుసు. ఇంకో గ్లాసు మజ్జిగ పోశాను.

ఆఖరి రోజు ట్యాంకరు దగ్గర కొండప్ప నిలబడి ఉన్నాడు. నేను గాలిమరలవైపు చూశాను. వాడు నా బిందె పట్టుకున్నాడు.

"బావా, నేను మోస్తా. నువ్వు కూసో."

"బిందె వదులు."

"ఆ పొద్దు నీ దగ్గరికి వచ్చేముందర గలీబు విప్పి చూసినా బావా. అప్పటికే పలక లేచిపోయినింది. ఎట్ల చెడెనో నాకు తెలీదు. మహేశ్వరికి చెప్తే ఏడుస్తాదని చెప్పలే. నా మింద మాట వస్తాదని నీకు అంటగట్టినా. నువ్వు ఒప్పుకున్నంక నాకు అన్నం దిగడంలేదు."

"కల?"

"కల కూడా లేదు."

"అది అప్పుడే తెలుసు."

"ఈ మాపు కచేరీ అయినంక మైకులో నిజం చెప్పేస్తా బావా. ఊరికి తెలియల్ల. చాకిరీ నేను చేస్తా, తంబురా నేను తెచ్చుకుంటా, నీ మింద మాట పోతాది."

వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. బిందె కింద పెట్టాను.

"కొండప్పా, మైకు ముట్టినావంటే కాళ్ళు విరగ్గొడ్తా. తంబురా నేనే చెడగొట్టినా. ఊరు చెప్పింది, నేను ఒప్పుకున్నా. అయిపోయింది. నీ అన్నం సంగతి నువ్వు చూసుకో."

వాడు అక్కడే నిలబడ్డాడు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. వాణ్ణి క్షమించలేదు. వాడికి అన్నం దిగకపోతే నాకేం ఇబ్బంది లేదు.

వచ్చే ఏడు రేఖ తన తంబురా తెస్తుందట. అది ఎవరి ఇంట్లో ఉండాలో అప్పుడే కమిటీలో కొట్టుకుంటున్నారు. వాళ్ళ ఇష్టం.

నిజం ఈ ఒక్కసారి రాసి పెట్టాను. కొండప్ప చదవడు. మహేశ్వరి చదివినా నమ్మదు. ఊళ్ళోవాళ్ళుగానీ, కమిటీగానీ, రేపు పాటకు వచ్చేవాళ్ళుగానీ వచ్చి అడిగితే, నా చేతిలోనే చెడింది అంటాను. రెండోసారి అడిగితే అది కూడా అనను. ఈ సంగతి నా నోటివెంట మళ్ళీ రాదు.